వావిలాకు ఆవిరి, సీసాలోని చుక్క: రెండూ ఒకే మందా?

దేవరకొండ కోడలు | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడి చర్చలు చదవడమే తప్ప రాసింది లేదు. పది రోజుల క్రితం మా ఇంట్లో జరిగినదాని గురించి అడగాలని రాస్తున్నాను.

మా బాబుకు రెండున్నరేళ్ళు. జలుబు చేసి రాత్రంతా ముక్కు బిగుసుకుపోయింది, పాలు కూడా తాగలేదు. పొద్దున నేను వంటింట్లో ఉండగా మా అత్తమ్మ చెంచాడు పంచదారలో నీలగిరి తైలం (యూకలిప్టస్ నూనె) పోసి నాకించారు. వాము కషాయం పట్టినట్టే ఇదీ అనుకున్నారు. పావుగంటకల్లా బాబు మత్తుగా ఒళ్ళో వాలిపోయాడు. పిలిస్తే పలకలేదు. తర్వాత కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. 108లో నల్గొండ తీసుకువెళ్ళాం. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. దేవుడి దయవల్ల ఇప్పుడు బాగున్నాడు, ఆడుకుంటున్నాడు.

అత్తమ్మను నేను ఒక్క మాట అనలేదు. ఆమె ఇప్పటికీ సరిగ్గా భోజనం చేయడం లేదు. ముగ్గురు పిల్లలను వావిలాకు ఆవిరితో, తులసి రసంతో, వాముతో పెంచిన మనిషి ఆమె. నా బాలింత స్నానాలకు ఇరవై ఒక్క రోజులూ వావిలాకు వేసి నీళ్ళు కాచింది ఆమే. ఆ ఆకు ఏనాడూ ఎవరికీ చెడు చేయలేదు. సీసాలో ఉన్నదీ ఆకు నూనే కదా, ఇలా ఎందుకయింది? ఇంట్లో ఇంకా లవంగ నూనె, అమృతధార, యూకలిప్టస్ కలిపిన నొప్పి నూనె, ఎవరో ఇచ్చిన నిమ్మగడ్డి నూనె ఉన్నాయి. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

పిల్లల వైద్యురాలు, నల్గొండ | శనివారం, రాత్రి 10:15

అమ్మా, బాబు కోలుకున్నందుకు చాలా సంతోషం. మీరు ఆలస్యం చేయకుండా తీసుకువెళ్ళడమే వాడిని కాపాడింది.

ముందు అందరికీ అవసరమైన మాట చెప్తాను. నీలగిరి తైలం, కర్పూరం కలిసిన నూనె, లవంగ నూనె, నొప్పి మందుల్లో కలిపే వింటర్‌గ్రీన్ నూనె, వీటిలో ఏదైనా పిల్లలు మింగితే వాంతి చేయించకండి. వేలు గొంతులో పెట్టకండి, ఉప్పునీళ్ళు పట్టకండి. వాంతితో పైకి వచ్చిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే అసలు విషం కన్నా అదే పెద్ద ప్రమాదం. 108కి ఫోను చేయండి, సీసాను వెంట తెండి. బిడ్డ బాగానే కనిపిస్తున్నాడని ఇంట్లో కూర్చోకండి. కొందరిలో కొన్ని నిమిషాల్లోనే మత్తు వస్తుంది, మరికొందరిలో ఇంకాస్త ఆలస్యంగా.

నీలగిరి తైలంలో ఎక్కువ భాగం సినియోల్ అనే పదార్థం. పెద్దవాళ్ళకు రుమాలు మీద రెండు చుక్కలు వేసి వాసన చూస్తే ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది, అంతవరకు మేలే. పసివాళ్ళు ఒక చెంచా మింగితే అది నేరుగా మెదడు మీద పనిచేస్తుంది. కర్పూరమూ అంతే. మూర్ఛ తెప్పించే గుణం దానికి బాగా ఉంది. రెండేళ్ళలోపు పిల్లల ముక్కు దగ్గర, ఛాతీ మీద కర్పూరం, మెంథాల్ ఉన్నవి పూయవద్దని మేము పదే పదే చెప్పేది అందుకే. పసిబిడ్డ ముక్కు దగ్గర మెంథాల్ ఘాటు తగిలితే గొంతు ఒక్కసారిగా బిగుసుకుని ఊపిరి ఆగే ప్రమాదం ఉంది.

బిగుసుకున్న ముక్కుకు ఉప్పునీటి చుక్కలు చాలు. మందుల షాపులో దొరుకుతాయి.

నల్లమల గాలి | శనివారం, రాత్రి 10:32

డాక్టరు గారి మీద గౌరవంతోనే అంటున్నాను. ప్రకృతి ఇచ్చిన వాటికి దుష్ఫలితాలు ఉండవు. కల్తీ నూనె అయి ఉంటుంది. స్వచ్ఛమైనదైతే ఇలా జరగదు.

పిల్లల వైద్యురాలు, నల్గొండ | శనివారం, రాత్రి 10:41

స్వచ్ఛమైనదైతే సినియోల్ ఇంకా ఎక్కువ ఉంటుంది, ప్రమాదమూ ఇంకా పెరుగుతుంది. గన్నేరు కూడా ప్రకృతి ఇచ్చినదే. దయచేసి పిల్లల విషయంలో ఈ మాట ఇంకెక్కడా రాయకండి.

రసాయనం సార్, పాలమూరు | ఆదివారం, ఉదయం 6:20

నేను ముప్పై ఏళ్ళు కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. చెల్లెమ్మ అడిగిన ప్రశ్న నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు. ఆకు మంచిదైనప్పుడు ఆకు నూనె ఎందుకు చెడ్డదైంది? దీనికి జవాబు లెక్కలో ఉంది.

లవంగం తీసుకోండి. లవంగ మొగ్గ బరువులో 15 నుంచి 20 శాతం దాకా నూనె ఉంటుంది, మూలికల్లో అంత నూనె ఉన్నవి చాలా అరుదు. ఒక లవంగం బరువు సుమారు పదోవంతు గ్రాము. అంటే ఒక్కో లవంగంలో పదిహేను, ఇరవై మిల్లీగ్రాముల నూనె. ఇప్పుడు ఒక టీచెంచా లవంగ నూనె ఐదు గ్రాములకు పైనే తూగుతుంది. భాగించి చూడండి: ఆ ఒక్క చెంచాలో దాదాపు మూడు వందల లవంగాలు ఉన్నాయి. మూడు వందల లవంగాలు నమిలి మింగమని ఎవరైనా బిడ్డకు పెడతారా?

తులసి ఇంకా స్పష్టంగా ఉంటుంది. పచ్చి ఆకులో నూనె ఒక శాతం లోపే. రోజూ తినే ఐదారు ఆకుల్లో ఉండేది కొన్ని మిల్లీగ్రాములు. ఒక చుక్క నూనె నలభై యాభై మిల్లీగ్రాములు. అత్తమ్మగారు పిల్లలకు పట్టిన తులసి రసంలో ఒక చుక్కలో పదోవంతు నూనె కూడా ఉండి ఉండదు. వావిలాకు ఆవిరిలో అయితే గిన్నెడు ఆకులు మరిగినా గాల్లోకి లేచేది కొంచెం, ముక్కులోకి చేరేది అందులో కొంచెం.

కాబట్టి ఆమె నేర్చుకున్న వైద్యం తప్పు కాదు. ఆమె చేతికి వచ్చిన వస్తువు మారింది. ఆకుతో కొలిచే చేతికి సీసా ఇచ్చి, కొలత మాత్రం ఎవరూ చెప్పలేదు. ఈ మాట ఆమెకు తప్పకుండా చదివి వినిపించండి.

కల్వకుర్తి నిమ్మగడ్డి | ఆదివారం, ఉదయం 8:05

సార్ చెప్పిన లెక్క నాకు రోజూ కళ్ళముందు కనిపించేదే. మూడు ఎకరాల చెలకలో నిమ్మగడ్డి వేశాను. ఒకప్పుడు అక్కడ వేరుశనగ వేసేవాళ్ళం. అడవి పందుల బాధ పడలేక మానేశాం. నిమ్మగడ్డి వాసనకు పందులు రావు, మేకలు కూడా మూతి పెట్టవు. నాటిన నాలుగైదు నెలలకు మొదటి కోత, ఆపైన రెండున్నర మూడు నెలలకొకటి. ఒకసారి నాటితే నాలుగైదేళ్ళు ఉంటుంది. పిలకలు బోడుప్పల్‌లోని సీమ్యాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ) కేంద్రం వాళ్ళ దగ్గర తెలుసుకుని తెచ్చాను, కృష్ణ రకం.

కోసిన గడ్డిని ఒక పూట వాడనిచ్చి డ్రమ్ములో కుక్కి కింద నుంచి ఆవిరి పట్టిస్తాం. మూడు గంటలు పడుతుంది. ఆవిరి చల్లటి నీళ్ళ తొట్టిలో ఉన్న గొట్టం గుండా వచ్చి మళ్ళీ నీరవుతుంది, నూనె దాని మీద తేలుతుంది. టన్ను పచ్చిగడ్డికి ఆరు కిలోల నూనె వస్తే ఆ రోజు మా ఇంట్లో పండుగే. అంటే మీ ఇంట్లో ఉన్న పది మిల్లీలీటర్ల సీసాలో దాదాపు కిలోన్నర గడ్డి కూర్చుని ఉంది. టీలో మనం వేసుకునేది రెండు ఆకులు.

నేను నూనె అమ్మే మనిషినే. అయినా చెప్తున్నాను, మా ఇంట్లో ఎవరూ నోట్లో వేసుకోరు. పూత పూయాలన్నా కొబ్బరినూనె కలపనిదే చర్మం మీద వేయనివ్వను. మొదటి ఏడాది నూనె నింపుతూ చేతులకు తగిలి మణికట్టు దాకా ఎర్రగా పొక్కింది నాకు. ఎక్కువగా సబ్బులకు, అత్తర్లకు వెళ్తుంది మా నూనె. దానిలోని సిట్రాల్ అనే పదార్థం నుంచి విటమిన్ ఎ తయారీకి కావలసినవి కూడా చేస్తారని విన్నప్పుడు మాత్రం చాలా గర్వంగా అనిపించింది.

రసాయనం సార్, పాలమూరు | ఆదివారం, ఉదయం 8:50

విన్నది నిజమే తమ్ముడూ. సిట్రాల్ నుంచి అయోనోన్లు అనే పదార్థాలు, వాటి నుంచి విటమిన్ ఎ. నీ నూనెలో 70, 80 శాతం సిట్రాలే ఉంటుంది.

ఒక సంగతి చెప్పాలనిపిస్తోంది. ఇలా ఆవిరి పట్టి తీసే నూనెల్లో చాలావాటికి విడిగా మరిగే ఉష్ణోగ్రత రెండు వందల డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. అయినా నీ డ్రమ్ములో నూరు డిగ్రీలకు కాస్త ముందే లేచి వస్తాయి. నీరూ నూనే కలవవు కాబట్టి రెండింటి ఆవిరి ఒత్తిడీ ఒకదానికొకటి తోడవుతుంది, ఆ మొత్తం గాలి ఒత్తిడిని అందుకోగానే మరుగు మొదలవుతుంది. అందుకే సున్నితమైన వాసనలు కూడా మాడకుండా బయటికొస్తాయి. ఇదే సూత్రం మరో పక్కకు కూడా పనిచేస్తుంది: ఆవిరితో లేవలేని బరువైన పదార్థాలు ఎంత కాచినా గిన్నెలోనే మిగిలిపోతాయి. చాలామంది అమ్మకందార్లు ఇక్కడే జనాన్ని పక్కదారి పట్టిస్తారు. పసుపులో కుర్కుమిన్ ఉంది, నిజమే. పసుపు సుగంధ తైలంలో కుర్కుమిన్ ఉండదు, అది ఆవిరికి లేవదు. అయినా ఆ సీసా మీద కుర్కుమిన్ గుణాలన్నీ రాసి అమ్ముతారు.

అమ్రాబాద్ బడి | ఆదివారం, మధ్యాహ్నం 1:10

సార్, మీరు చెప్పిన ఆ మాట మా దగ్గర ఒక చెట్టుకు అచ్చంగా సరిపోతుంది. మన్ననూర్ దాటి పైకి వెళ్తే రాతి గుట్టల మీద అందుగ చెట్లుంటాయి. వేసవిలో బెరడు గీస్తే బంక కారి గట్టిపడుతుంది, నిప్పుల మీద వేస్తే సాంబ్రాణి వాసన. మా బడి పిల్లల తల్లిదండ్రులు చాలామంది చెంచులు. తేనె, తప్సి బంక, చిల్లగింజలు, కుంకుడుకాయలు ఏరి గిరిజన సహకార సంస్థకు వేస్తారు. అందుగ బంకను వాళ్ళు దెబ్బలకు, వాపులకు నూరి పట్టు వేయడం నేను చూశాను.

ఈ మధ్య పట్నంలో ఒక ప్రదర్శనలో ఇదే చెట్టు నూనె చిన్న సీసా చూశాను. కీళ్ళవాతానికి దివ్యౌషధం, అందులో బోస్వెల్లిక్ ఆమ్లాలున్నాయి అని రాసుంది. ఆ ఆమ్లాలు ఆవిరితో లేస్తాయా?

రసాయనం సార్, పాలమూరు | ఆదివారం, మధ్యాహ్నం 1:40

లేవవు. అవి బంకలోనే ఉండిపోతాయి. వాపు మీద పరిశోధనలు జరిగింది ఎక్కువగా ఆ బంక నుంచి తీసిన సారం మీద. సుగంధ తైలంలో వచ్చేది థుజీన్, పైనీన్ వంటి తేలికపాటి పదార్థాలు. వాసన అద్భుతంగా ఉంటుంది, ప్రార్థన గదికి బాగుంటుంది. కీళ్ళలో వాపు తగ్గించే సరుకు మాత్రం నూనె తీశాక పారేసిన పిప్పిలో మిగిలింది. చెంచు తల్లి బంకను నేరుగా నూరి పట్టు వేయడం ఈ లెక్కన ఆ సీసా కన్నా తెలివైన పని.

మూలికల కొట్టు, వనపర్తి | ఆదివారం, సాయంత్రం 4:25

మా తాతల నాటి నుంచి మూలికల అంగడి మాది. రాత్రి డాక్టరు గారి మాట చదివి కొంచెం నొచ్చుకున్నాను, తర్వాత సార్ లెక్క చదివి ఆలోచించాను. గందరగోళంలో సగం తైలం అనే మాటలోనే ఉంది.

తైలం అంటే తిలల నుంచి వచ్చినది, అంటే నువ్వుల నూనె. నూనె అన్న మాట కూడా నువ్వుల నెయ్యి నుంచి వచ్చినదే. ఆయుర్వేదంలో నారాయణ తైలం వంటివన్నీ నువ్వుల నూనెలో మూలికలు వేసి కాచినవి. జిడ్డుగా ఉంటాయి, ఒళ్ళంతా మర్దన చేసుకోవచ్చు. గానుగలో ఆడించిన వేపనూనె, ఆముదం మరో జాతి. ఆవిరి పట్టి తీసిన నీలగిరి తైలం, లవంగ నూనె పూర్తిగా వేరు జాతి. వాటిలో జిడ్డు చుక్క కూడా లేదు. మూడింటికీ ఒకే పేరు పెట్టాం, మూడూ ఒకే అరలో సర్దాం. ఒక ముసలమ్మ వచ్చి పిల్లవాడికి తైలం ఇవ్వు నాయనా అంటే, ఏ తైలం అని అడగకుండా ఇచ్చే కొట్లున్నాయి. ఈ రోజు నుంచి నా కొట్లో ఆవిరి నూనెలన్నీ పై అరలోకి మార్చాను. కొనేవాళ్ళకు మింగేది కాదని నోటితో చెప్పే ఇస్తున్నాను.

కానీ ఆకును, వేరును తప్పుపట్టకండి. వట్టివేరు కుండలో వేసిన నీళ్ళు మన పాలమూరు ఎండకు ఎంత హాయి. తుంగముస్తలు, గంధకచ్చూరాలు, బావంచాలు కలిపిన సున్నిపిండి వాసన కొత్త సబ్బులకు రాదు. వాము మా గద్వాల వైపు వాళ్ళు కర్నూలు మార్కెట్‌కు వేస్తారు. ఆ వాములోని నూనె చల్లబరిస్తే దిగే పలుకులే వాము పువ్వు, దానినే మీరు థైమాల్ అంటారు. పుదీనా పువ్వు అంటే మెంథాల్. కర్పూరం, వాము పువ్వు, పుదీనా పువ్వు మూడూ పొడి గడ్డలే. సమానంగా ఒక సీసాలో వేసి మూతపెడితే ఏ నీరూ పోయకుండానే కరిగి ద్రవమైపోతాయి. అదే అమృతధార. చిన్నప్పుడు మా నాన్న నా చేత సీసా ఊపించి చూపిస్తే ఇంద్రజాలమనుకున్నాను. 1920లో హైదరాబాదులో పుట్టిన యునానీ మందు జిందా తిలిస్మాత్‌లో కూడా ప్రధానమైనది యూకలిప్టస్ నూనే. మన పెద్దలకు ఈ నూనెల శక్తి తెలియక కాదు. చుక్కలతోనే వాడారు.

పిల్లల వైద్యురాలు, నల్గొండ | ఆదివారం, రాత్రి 9:05

అన్నగారూ, మిమ్మల్ని నొప్పించాలని కాదు. మీరు పై అరలోకి మార్చిన ఆ ఒక్క పని నా వార్డులో ఎన్ని పడకలు ఖాళీ ఉంచుతుందో నాకు తెలుసు. అమృతధార పెద్దవాళ్ళకు చుక్కల కొలతలో సరే, పసివాళ్ళకు మాత్రం వద్దు. అందులో కర్పూరం మూడోవంతు ఉందని మీరే చెప్పారు.

సుగంధ తైలాల్లో మందు గుణం లేదని నేను అనను. లవంగ నూనెలోని యూజెనాల్‌కు నొప్పి తిమ్మిరెక్కించే గుణం ఉంది. పళ్ళ డాక్టర్లు దానిని జింక్ ఆక్సైడ్‌తో కలిపి తాత్కాలికంగా పన్ను పూడ్చడానికి ఇప్పటికీ వాడతారు. పంటినొప్పికి దూదికి ఒక చుక్క అద్ది పన్ను మీద పెట్టుకుంటే ఆ రాత్రి గడుస్తుంది, పొద్దున పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పేగు కండరాల బిగింపుకు పుదీనా నూనెను కడుపు దాటి పేగులోనే విడిపోయే గొట్టం మాత్రలుగా ఇస్తారు, దానికి మంచి ఆధారాలు ఉన్నాయి. గాజు పళ్ళెంలో సూక్ష్మజీవులను చంపిందని తులసి నూనె గురించి, వాము నూనె గురించి చాలా చదువుతాం. పళ్ళెంలో చంపడం నిజం. అంత గాఢత మన ఒంట్లో రక్తంలోకి వస్తే ముందు కాలేయం దెబ్బతింటుంది.

మర్రిగూడ కొడుకు | ఆదివారం, రాత్రి 11:30

నేనూ ఒకటి అడగాలి. మా నాన్నకు అరవై ఎనిమిది. ఫ్లోరైడ్ ఎక్కువున్న మా ఊరి బోరునీళ్ళు తాగి పెరిగిన మనిషి. నడుం వంగిపోయింది, మెడ తిప్పలేడు. కృష్ణా నీళ్ళు వచ్చాక మా పిల్లల పళ్ళు తెల్లగా ఉన్నాయి, నాన్న ఎముకలు మాత్రం అలాగే ఉండిపోయాయి. నెల క్రితం ఊళ్ళోకి బండి మీద వచ్చిన ఒకతను మూలికల నూనె అమ్మాడు. నలభై రోజులు రుద్దితే ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడ్ కరిగి చెమటలో పోతుందన్నాడు. మా వాడకట్టులో పదిమంది కొన్నారు, సీసా ఎనిమిది వందలు. రుద్దగానే మంటగా వేడిగా ఉంటుంది, ఒక గంట నొప్పి తగ్గినట్టుంటుందని నాన్న అంటాడు. ఆయన గుండె జబ్బుకు రక్తం పలుచన చేసే మాత్ర కూడా వేసుకుంటాడు. వాసన మాత్రం నొప్పి మందుల షాపులో వచ్చే ఘాటు వాసన.

రసాయనం సార్, పాలమూరు | సోమవారం, ఉదయం 5:50

బాబూ, ఇది చదివి చాలా బాధ కలిగింది. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా అని మన ప్రమాణం. దానిని మించిన నీళ్ళు దశాబ్దాలు తాగితే ఫ్లోరైడ్ ఎముక పైన దుమ్ములా అంటుకుని ఉండదు. ఎముకలోని ఖనిజంలోనే అది ఒక భాగమై కూర్చుంటుంది. చర్మం మీద రుద్దిన ఏ నూనే దానిని కరిగించి చెమటలోకి తేలేదు. అలా చెప్పినవాడు మీ నాన్నగారి నడుము వంపు చూసి ధర కట్టాడు. అంతకన్నా క్రూరమైన వ్యాపారం నాకు తెలియదు.

నొప్పి గంటసేపు తగ్గడం మాత్రం అబద్ధం కాదు. మెంథాల్ చర్మంలో చలిని పసిగట్టే నరాలను తట్టి చల్లదనం అనిపింపజేస్తుంది. వింటర్‌గ్రీన్ నూనె, కర్పూరం వేడి పుట్టిస్తాయి. ఆ వేడి, చల్లదనం లోపలి నొప్పిని కొంతసేపు మరిపిస్తాయి. ఆ ఉపశమనం ఎనిమిది వందల సీసాలో ఎంతో, మామూలు నొప్పి మందులోనూ అంతే.

పిల్లల వైద్యురాలు, నల్గొండ | సోమవారం, ఉదయం 6:35

సార్‌కు ఒక మాట చేరుస్తున్నాను, ఇది అత్యవసరం. మీరు చెప్పిన ఘాటు వాసన వింటర్‌గ్రీన్‌దే అయితే అందులో దాదాపు అంతా మిథైల్ శాలిసిలేట్, ఆస్పిరిన్‌కు దగ్గర చుట్టం. చర్మం గుండా రక్తంలోకి వెళ్తుంది. రక్తం పలుచన చేసే మాత్ర వేసుకునేవారు రోజూ నడుమంతా రుద్దుకుంటే లోపల రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. ఈ రోజే నూనె ఆపించండి. నాన్నగారికి మాత్ర ఇస్తున్న డాక్టరుకు చెప్పి, రక్తం గడ్డకట్టే పరీక్ష చేయించండి. చిగుళ్ళ నుంచి రక్తం, నల్లటి విరేచనం, ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. మాత్ర మాత్రం మీరే ఆపకండి.

ఆ సీసా ఇంట్లో పిల్లలకు అందకూడదు. వింటర్‌గ్రీన్ నూనె ఒక టీచెంచాలో ఇరవైకి పైగా ఆస్పిరిన్ మాత్రల బలం ఉంటుంది.

నకిరేకల్ నిమ్మతోట | సోమవారం, మధ్యాహ్నం 12:15

చర్చ పెద్ద సంగతుల మీద నడుస్తోంది, నాది చిన్నది. అయినా మన జిల్లాలో బత్తాయి, నిమ్మ తోటలున్న వాళ్ళందరికీ పనికొస్తుందని రాస్తున్నాను. గత వేసవిలో నిమ్మ ధర పడిపోయినప్పుడు కాయలు పారేయలేక, తొక్కలు పిండి నూనె తీయడం మొదలుపెట్టింది మా చెల్లెలు. మొహానికి మంచిదని ఎవరో చెప్పగా చేతులకు, మెడకు రాసుకుని తోటలోకి వెళ్ళింది. మర్నాడు మెడ మీద కాలినట్టు బొబ్బలు. మూడు రోజులు ముదిరి, తగ్గాక నల్లటి మచ్చలు మిగిలాయి. నాలుగు నెలలు పట్టింది పోవడానికి. నిమ్మలో ఇంత వేడి ఎక్కడిది?

రసాయనం సార్, పాలమూరు | సోమవారం, మధ్యాహ్నం 2:00

వేడి నిమ్మది కాదమ్మా, ఎండది. నిమ్మ తొక్కలో బెర్గాప్టెన్ వంటి పదార్థాలుంటాయి. చర్మం మీద అవి ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే కణాలు కాలిపోతాయి. రాత్రి రాసుకుని కడిగేసుకుంటే ఏమీ కాకపోయేది. పిండి తీసిన నూనెలోనే ఆ పదార్థం ఉంటుంది. ఆవిరి పట్టి తీస్తే అది బరువు కాబట్టి లేవదు, ఆ నూనెతో ఈ బాధ ఉండదు. నిన్న పసుపు నూనెకు, అందుగ నూనెకు నష్టమైన సూత్రమే ఇక్కడ మేలైంది. బత్తాయి తొక్కలో ఇది చాలా తక్కువ. అందులోని నూనెలో తొంభై శాతం పైగా లిమోనీన్ అనే పదార్థం. థర్మోకోల్ ముక్క మీద బత్తాయి తొక్క పిండి చూడండి, గుంట పడుతుంది. ఈ నూనెలు పలుచటి ప్లాస్టిక్ సీసాల్లో పోయకూడదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కల్వకుర్తి నిమ్మగడ్డి | సోమవారం, రాత్రి 8:30

సీసాల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మేము అల్యూమినియం డబ్బాల్లో, ముదురు గోధుమరంగు గాజు సీసాల్లో అంచు దాకా నింపుతాం. సగం ఖాళీగా ఉంటే లోపలి గాలికి నూనె పాడవుతుంది. పాతబడిన నూనె వాసన బాగానే ఉన్నా చర్మానికి దద్దుర్లు తెస్తుంది, నిమ్మజాతి నూనెల్లో మరీ ఎక్కువ. మూత తీసి ఏడాది దాటినది ఒంటికి వాడకండి. నేల తుడిచే నీళ్ళలో వేసుకోండి.

కొనేటప్పుడు తెల్ల కాగితం మీద ఒక చుక్క వేయండి. నిమ్మగడ్డి నూనె, నీలగిరి తైలం అయితే ఆరిపోయాక జిడ్డు మచ్చ ఉండకూడదు. మచ్చ ఉంటే మామూలు నూనె కలిపారు. ఈ పరీక్షకు దొరకని కల్తీలూ ఉన్నాయి, టర్పెంటైన్ కలిపితే అదీ ఎగిరిపోతుంది. వట్టివేరు నూనె, గంధం నూనె మందకొడిగా ఆరుతాయి, వాటిని ఇలా తేల్చకండి. లవంగ నూనె చుక్క నీళ్ళలో మునగాలి, నిమ్మగడ్డిది తేలాలి.

ఆవిరి పట్టాక మిగిలే నీళ్ళు కూడా పారబోయం. గులాబీల నుంచి పన్నీరు ఎలా వస్తుందో ఇదీ అలాగే. లేత వాసన, లేత గుణం. పిల్లలున్న ఇంటికి నేను ఇచ్చేది ఆ నీళ్ళే, గది తుడుచుకోవడానికి.

మర్రిగూడ కొడుకు | మంగళవారం, రాత్రి 7:45

డాక్టరమ్మా, నిన్న నాన్నను తీసుకువెళ్ళాను. రక్తం ఉండాల్సిన దానికన్నా చాలా పలుచగా ఉందన్నారు. మాత్ర మోతాదు మార్చారు, వారానికి మళ్ళీ రమ్మన్నారు. నూనె ఆపేశాం. మా వాడకట్టులో మిగతా తొమ్మిది ఇళ్ళకూ వెళ్ళి మీరు రాసింది చదివి వినిపించాను. ఇద్దరు నమ్మలేదు, రేపు మళ్ళీ వెళ్తాను.

దేవరకొండ కోడలు | మంగళవారం, రాత్రి 10:10

అందరికీ చేతులెత్తి నమస్కారం. సార్ లెక్క అత్తమ్మకు చదివి వినిపించాను. మూడు వందల లవంగాలు అన్నచోట ఆపమని, మళ్ళీ చదవమన్నారు. వంటింట్లోకి వెళ్ళి డబ్బాలో లవంగాలు చేతిలో పోసుకుని కొంతసేపు చూశారు. నీలగిరి తైలం, నొప్పి నూనె గూట్లోంచి తీసి తాళం ఉన్న బీరువాలో పెట్టారు. లవంగ నూనె, అమృతధార కూడా అక్కడే. నిమ్మగడ్డి నూనె రేపు నేల తుడవడానికి తీస్తానన్నారు.

ఈ రోజు రాత్రి నాకు కొంచెం జలుబుగా ఉంది. పెరట్లో వావిలి కొమ్మ విరిచి, ఆకులు గిన్నెలో వేసి, దుప్పటి నా తల మీద కప్పి పక్కన కూర్చున్నారు. బాబుకు అలా అయిన రోజు తర్వాత ఆమె నాతో మామూలుగా మాట్లాడింది ఇప్పుడే.